కొత్త సరుకును మార్కెట్లోకి ఎప్పుడు వదలాలి? సకినాల ప్యాకెట్‌తో మాకు తెలిసివచ్చిన సంగతి

[దృశ్యం: నీళ్లు నిండిన నీలిరంగు ప్లాస్టిక్ బకెట్. ఒక చెయ్యి సకినాల ప్యాకెట్‌ను నీళ్లలో ముంచి మెల్లగా నొక్కుతుంది. పై అంచు నుంచి సన్నటి బుడగలు వరుసగా పైకి వస్తాయి.]

ఈ బుడగలు వస్తున్న చోటును జాగ్రత్తగా చూడండి. ప్యాకెట్ మూతిని సీలింగ్ మిషన్ అతికించిన గీత మధ్యలో ఒక నువ్వు గింజ ఇరుక్కుపోయి ఉంది. ఆ గింజ పక్కన వెంట్రుకవాసి సందు మిగిలింది. ఇప్పుడు గాలి బయటికి వస్తున్నది ఆ సందులోంచే. నెల రోజులుగా తేమ లోపలికి వెళ్లింది కూడా అందులోంచే. మేము దీన్ని పట్టుకున్న నాటికి ఈ సరుకును మార్కెట్లోకి వదలడానికి పెట్టుకున్న ముహూర్తం ఇంకా పదకొండు రోజులే ఉంది.

హనుమకొండలో మా వదిన నడుపుతున్న చిన్న యూనిట్‌లో జరిగిన విషయం ఇది. నానబోసిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తడి గుడ్డ మీద చేత్తో చుట్టి, కాస్త ఆరనిచ్చి నూనెలో వేయించే సకినాలను మన దగ్గర తెలియనివారు ఉండరు కాబట్టి వంటకం గురించి ఎక్కువ చెప్పను. వంటకంలో లోటు లేదు. కవర్లు ప్రింట్ అయ్యాయి, సంక్రాంతికి ముందు మంచి రోజు చూశారు, రిబ్బన్ కత్తిరించడానికి ఒక పెద్దమనిషి సమయం కూడా దొరికింది. ఇన్ని అమరిన తరువాత సరుకు తయారైందా లేదా అని అడగడానికి ఎవరికీ నోరు రాదు. నాకూ రాలేదు.

అయితే నవంబర్ చివరలో మా వదిన ఒక పని చేసి పెట్టింది. మొదటి విడతలోంచి ముప్పై ప్యాకెట్లు తీసి, వాటి మీద మార్కర్‌తో తేదీ వేసి, వంటింటి అటక మీద పెట్టి, ప్రతి ఆదివారం నాలుగైదు ప్యాకెట్లు విప్పి చూసేది. మూడు ఆదివారాలు బాగానే గడిచాయి. నాలుగో ఆదివారం విప్పిన ఐదు ప్యాకెట్లలో మూడింటిలోని సకినాలు కరకరలాడాయి, రెండింటిలోనివి మెత్తబడి పంటికి సాగాయి. ఒకే పిండి, ఒకే నూనె, ఒకే రోజు వేయించినవి. మొదట నూనె మీద అనుమానం వచ్చింది, తరువాత కవర్ మందం మీద. ఒక రోజంతా వాదించుకున్న తరువాత బకెట్ తెచ్చాము. మూతి దగ్గర పిండి పొడి, నువ్వులు రాలిన ప్యాకెట్లే మెత్తబడ్డాయని అప్పుడు తేలింది. అది కూడా చలికాలంలో, గాలిలో తేమ తక్కువగా ఉండే రోజుల్లో. అదే సరుకు జూలై ముసురులో దుకాణం అరమీద ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

[దృశ్యం: బల్ల మీద రెండు సకినాలు. ఒకదాన్ని విరిస్తే చిటుక్కుమంటుంది. రెండోది వంగి, తరువాత నిదానంగా తెగుతుంది.]

“తయారైందా” అనే ప్రశ్నకు ఎవరైనా అవుననే చెప్పగలరు, కాదనీ చెప్పగలరు. దాని మీద ఎంతసేపు మాట్లాడినా తేలేది ఉండదు. నేను అడగమని చెప్పే ప్రశ్న వేరు. ఈ సరుకు బయటికి వెళ్లిన తరువాత ఏదైనా తేడా వస్తే, దాన్ని మనం వెనక్కి తీసుకోగలమా? తీసుకోగలిగిన తప్పుల కోసం ఎక్కువ రోజులు ఆగడం దండగ. తీసుకోలేని తప్పు ఒక్కటి మిగిలి ఉన్నా ముహూర్తాన్ని జరపాలి.

ఈ తేడా ఎంత పెద్దదో చూపడానికి రెండు ఉదాహరణలు చెబుతాను. గూగుల్ సంస్థ జీమెయిల్‌ను 2004 ఏప్రిల్ 1న జనానికి ఇచ్చింది, దాని మీద ఉన్న బీటా అనే మాటను మాత్రం 2009 జూలైలో గాని తీసివేయలేదు. అంటే ఐదేళ్లకు పైగా అది పూర్తికాని సరుకు అనే ముద్రతోనే నడిచింది. అది చెల్లింది, ఎందుకంటే ఉత్తరాల పెట్టెలో లోపం ఉంటే ఇంజనీర్లు తమ సర్వర్లో సరిచేస్తారు, వాడేవారు మరునాడు తెరిచేసరికి సరిచేసిన పెట్టె కనిపిస్తుంది. 2016 ఆగస్టులో శాంసంగ్ అమ్మకానికి తెచ్చిన గెలాక్సీ నోట్ 7 ఫోన్ సంగతి అలా కాదు. బ్యాటరీలు వేడెక్కి అంటుకుంటున్నాయని తెలిసి సెప్టెంబర్‌లో ఫోన్లను వెనక్కి పిలిచారు, వేరే సంస్థ బ్యాటరీలు ఉన్న ఫోన్లను బదులుగా ఇచ్చారు. అవి కూడా అంటుకోవడంతో అక్టోబర్‌లో ఆ ఫోన్ తయారీనే ఆపేశారు. రెండు చోట్ల తయారైన బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయని 2017 జనవరిలో ఆ సంస్థే వివరించింది. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మొదటి లోపం కాదు, దిద్దుబాటుగా పంపిన రెండో విడత. సరిచేసిన సరుకు కూడా కొత్త సరుకే, దానికీ మొదటి నుంచి పరీక్ష జరగాలి.

సకినాల ప్యాకెట్ ఈ రెండింటిలో ఫోన్ వైపే ఉంటుంది. మెత్తబడిన సకినాన్ని తిన్నవారి నాలుక మీది రుచిని మనం తరువాత మార్చలేము.

[దృశ్యం: గోడ మీద క్యాలెండర్. జనవరిలో ఒక తేదీ చుట్టూ పసుపు రంగు పెన్నుతో గీసిన వలయం.]

ఇక ఆపడం అనే పని గురించి చెప్పాలి, ఎందుకంటే లోపం కనిపించడం ఒక ఎత్తు, కనిపించిన తరువాత ఆపగలగడం ఇంకొక ఎత్తు. 2019 జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 వెళ్లవలసి ఉంది. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా అక్కడికి వచ్చి ఉన్నారు, దేశమంతా టీవీల ముందు మేలుకొని ఉంది. ప్రయోగానికి 56 నిమిషాల 24 సెకన్ల ముందు వాహక నౌకలో సాంకేతిక లోపం కనిపించిందని కౌంట్‌డౌన్ ఆపేశారు. వారం తరువాత, జూలై 22 మధ్యాహ్నం, అదే రాకెట్ వెళ్లింది. దేశ ప్రథమ పౌరుడు వచ్చి కూర్చున్నప్పుడు అలా ఆపగలగడం అప్పటికప్పుడు పుట్టిన ధైర్యంతో అయ్యే పని కాదు. ఏ మీటరు ఏ అంకె దాటితే ఆపాలో చాలా ముందుగానే, తొందర ఏమీ లేని రోజుల్లో రాసి పెట్టుకుంటారు. ఆ కాగితం ఉన్నప్పుడు ఆపమని చెప్పేవాడు ఎవరికీ ఎదురు చెప్పినట్టు కాదు, రాసి ఉన్నదాన్ని చదివినట్టు మాత్రమే.

మా వదిన దగ్గర అలాంటి కాగితం లేదు. అందుకే ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి తేదీ మారిందని చెప్పడానికి ఇంట్లో రెండు రోజులు పట్టింది. ఆయన పట్టించుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

చంద్రయాన్ కథలో తరువాతి భాగం కూడా మనకు పనికివస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో విక్రమ్ ల్యాండర్ చంద్రుని మీద నెమ్మదిగా దిగలేకపోయింది. చంద్రయాన్-3 సిద్ధం చేసేటప్పుడు ఇస్రో వారు ఏవేవి సరిగ్గా పనిచేస్తే దిగగలం అని కాక, ఏవేవి పాడైనా దిగగలగాలి అని ఎదురు నుంచి లెక్క వేసుకున్నారు. దిగడానికి 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు ఉన్న చోటుకు బదులు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చోటు ఎంచుకున్నారు, కాళ్లను బలపరిచారు, ఇంధనం పెంచారు. 2023 ఆగస్టు 23న అది దిగింది. మేము కూడా సకినాల విషయంలో ఒక నోటు పుస్తకం తీసుకుని, ఈ ప్యాకెట్ ఎన్ని విధాలుగా చెడగలదో రాశాము: మూతి కారడం, నూనె కనరు వాసన రావడం, బస్సు కుదుపులకు సకినాలు నుజ్జు కావడం, బరువు తక్కువ పడటం, లేబుల్ మీద తేదీ చెరిగిపోవడం. రాసిన ప్రతిదాని పక్కన ఎంతవరకు జరిగితే ఓర్చుకుంటామో, ఎక్కడ ఆపేస్తామో అంకె వేశాము. ఉదాహరణకు, వంద ప్యాకెట్లను నీళ్లలో ముంచితే ఒక్కదాని మూతి కారినా ఆ రోజు సరుకు బయటికి వెళ్లదు.

కనరు వాసన గురించి ఒక మాట. నూనెలో వేయించిన పదార్థం గాలి, వెలుతురు, వేడి తగిలిన కొద్దీ చెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చెడే వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఆహార పరిశ్రమలో ఒక మోటు లెక్క ఉంది. అందుచేత 90 రోజులు నిలుస్తుందా అని తెలుసుకోవడానికి 90 రోజులూ కూర్చోనక్కరలేదు, మామూలు గదికంటే పది డిగ్రీలు ఎక్కువ వేడిలో 45 రోజులు ఉంచి, ల్యాబ్‌లో పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత చెడిందో తెలిపే అంకె) చూపిస్తే దాదాపుగా అంచనా దొరుకుతుంది. ఇదే లెక్కను తిరగేసి కూడా చదవాలి. మే నెలలో వరంగల్‌లో ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు, రేకుల షెడ్డు కింద ఉన్న డబ్బాలో ఆ 90 రోజుల సరుకు అంతకాలం ఉండదు. అయితే ఈ లెక్క నూనెకే గాని తేమకు పనికిరాదు. వేడి పెట్టెలో ఎన్ని రోజులు ఉంచినా నువ్వు గింజ చేసిన సందు సంగతి అది చెప్పదు. దానికి బకెట్టే దిక్కు.

[దృశ్యం: కిరాణా దుకాణం. గల్లాపెట్టె పక్కన వేలాడుతున్న సకినాల ప్యాకెట్లు.]

వస్తువు చెడకుండా ఉంటే చాలదు, జనానికి కావాలి కూడా. ఇక్కడ మనకు అడ్డు వచ్చేది మొహమాటం. సరుకు బాగుందా అని బంధువులను అడిగితే బాగుందనే అంటారు. మా వీధిలో ఒక పెద్దమ్మకు ప్యాకెట్ ఇచ్చి వారం తరువాత అడిగితే, “మంచిగనే ఉన్నయి బిడ్డా” అన్నది. ఆ తరువాత మాటల్లో మాటగా, “పిల్లలే రెండు తిని వదిలిపెట్టిన్రు, వాము ఘాటైతున్నదట” అన్నది. మొదటి వాక్యం దగ్గరే లేచి వచ్చి ఉంటే రెండోది మా చెవిన పడేది కాదు. బాగుందా అని అడగడం మాని, ప్యాకెట్ ఎన్ని రోజుల్లో అయిపోయింది, ఎవరు తిన్నారు, అడుగున ఏమి మిగిలింది అని అడగడం మొదలుపెట్టాక మొహమాటానికి తావు తగ్గింది. వాము తగ్గించాము.

తరువాత జనగామలో ఒక కిరాణా దుకాణంలో యాభై ప్యాకెట్లు పెట్టాము, మిగిలినవి వాపసు తీసుకునే ఒప్పందం మీద. మూడు వారాల్లో నలభై ఒకటి పోయాయని విని మేము సంబరపడుతుంటే సేటు నవ్వి, “మల్లొచ్చి అడిగినోళ్లు నలుగురే అమ్మా, ఆ నలుగురు ఎవరో గూడ నాకు ఎర్కే” అన్నాడు. మొదటి ప్యాకెట్‌ను కొత్తదనం అమ్ముతుంది, కవర్ మీది బొమ్మ అమ్ముతుంది. రెండో ప్యాకెట్‌ను సకినమే అమ్ముకోవాలి. అందుకే మొత్తం అమ్మకం లెక్కను పక్కన పెట్టి, మళ్లీ కొన్నవారి లెక్కనే మా నోటు పుస్తకంలోకి ఎక్కించాము.

ఆ సేటు ఇంకొక సంగతి కూడా గుర్తు చేశాడు. సంక్రాంతికి మన ఇళ్లన్నింటిలో చుట్టుపక్కల ఆడవాళ్లు కూర్చుని సకినాలు చుడతారు. ఆ వారంలో ప్యాకెట్ సకినాలు కొనే అవసరం ఎవరికి ఉంటుంది? ఇంటి డబ్బా ఖాళీ అయిన తరువాత, హాస్టల్లో ఉన్న పిల్లలకూ అమెరికాలో ఉన్న కొడుకులకూ పంపాలనుకున్నప్పుడు గిరాకీ మొదలవుతుంది. మేము ముహూర్తానికి చూసుకున్న రోజు తిథికి మంచిదే గాని అమ్మకానికి కాదు.

లేబుల్ విషయంలో ఆలోచించడానికి ఏమీ లేదు, ఉండవలసినవి ఉండాలి: ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు, వాడిన పదార్థాలు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. కొత్తవారు వీటిలో తేలికగా తీసుకునేది బ్యాచ్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకంతటికీ వేసే గుర్తు. ఆహార పదార్థాలను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే పద్ధతిపై 2017లో ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి; అయితే ఏ రోజు వేయించిన సరుకు ఏ దుకాణానికి వెళ్లిందో రాసుకోని యూనిట్, ఒక ప్యాకెట్‌లో తప్పు తేలితే, ఊళ్లో ఉన్న ప్యాకెట్లన్నింటినీ తిరిగి తెచ్చుకోవలసి వస్తుంది. బ్యాచ్ నంబరు ఉంటే ఒక్క రోజు సరుకుతో పోతుంది.

ఇంత చెప్పిన తరువాత ఎదుటి వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఆలస్యానికి వడ్డీ ఉంటుంది, డ్వాక్రా అప్పు వాయిదా ఆగదు, పనికి వచ్చే నలుగురు ఆడవాళ్లు ఇంకెక్కడైనా పని చూసుకుంటారు. కవర్ మీద అక్షరాలు ఎరుపులో ఉండాలా పసుపులో ఉండాలా అని మేము మూడు వారాలు తర్జనభర్జన పడ్డాము. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. రెండో ప్రింటింగ్‌లో మార్చుకోగలిగిన దాని కోసం ఒక్క రోజు కూడా ఆగకూడదు. వెబ్‌సైట్, కారం సకినాలు, చిన్న ప్యాకెట్, ఇవన్నీ తరువాత వచ్చినా ఎవరి పళ్లకూ నష్టం లేదు. భయం వేసిన చోట పరీక్ష పెట్టకుండా, భయం లేని చోట నగిషీలు చెక్కుతూ కూర్చోవడం మనుషులకు అలవాటు.

నువ్వు గింజకు మందు చాలా చిన్నదే దొరికింది. ప్యాకెట్‌ను రెండు అంగుళాలు పొడవు పెంచి, నింపేటప్పుడు మూతిలో వెడల్పాటి స్టీలు గరాటు పెట్టి, సీలు వేసే ముందు పొడి గుడ్డతో లోపలి అంచు తుడుస్తున్నారు. అది దిద్దుబాటు కాబట్టి మళ్లీ ముప్పై ప్యాకెట్లు అటక ఎక్కాయి. అవి నాలుగు ఆదివారాలు దాటాయి, ఐదోదీ దాటింది, బకెట్‌లో వందకు వంద నిలిచాయి. శివరాత్రి వెళ్లిన తరువాతి సోమవారం, పెద్దమనిషి లేకుండా, రిబ్బన్ లేకుండా, రెండు వందల ప్యాకెట్లు రెండు దుకాణాలకు వెళ్లాయి.

[దృశ్యం: వంటింటి అటక. మార్కర్‌తో తేదీలు వేసిన ప్యాకెట్ల వరుస. ఒక చెయ్యి వచ్చి ఆదివారం వంతు ప్యాకెట్‌ను తీసుకుంటుంది. చిటుక్కుమనే శబ్దం వినిపిస్తుంది.]