ఇటలీలో వేసవి సెలవులు: పిల్లలతో, అత్తయ్యగారితో 19 రోజులు (బట్టలు, భోజనం, మా రివ్యూ)

నమస్కారం. కిందటి జూలైలో మా చెల్లెలి ఇంటికి వెళ్లి ఇటలీలో 19 రోజులు ఉండి వచ్చాం. వెళ్లినవాళ్లం ఐదుగురం: నేను, మావారు, పదమూడేళ్ల మా అమ్మాయి, ఏడేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్యగారు. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, మా అమ్మాయికి బట్టలంటే ప్రాణం, మా అబ్బాయికి రెండు గంటలకోసారి ఆకలేస్తుంది. ఇలాంటి కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఎండాకాలంలో ఇటలీ వెళ్లే తల్లికి అక్కడ ఏది బాగుంటుంది, ఏది డబ్బు దండగ అనేదే ఈ రివ్యూ.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇటలీ ఫ్యాషన్ అనగానే మనకు అద్దాల షాపులు, లక్షల రూపాయల బ్యాగులు గుర్తొస్తాయి. మాకు మాత్రం ఆ దేశంలో అన్నిటికన్నా గొప్పగా కనిపించినవి ఎండిపోయిన రొట్టెతో చేసిన ఒక వంటకం, పాత స్వెట్టర్లను చీల్చి నేసిన ఒక ఉన్నిబట్ట. రెండూ మా చెల్లెలి ఊళ్లోనే దొరికాయి.

ఆ ఊరి పేరు ప్రాతో. ఫ్లోరెన్స్ నుంచి రైలులో అరగంట ప్రయాణం. ఫ్లోరెన్స్‌కు వచ్చే యాత్రికుల్లో చాలామంది ఇటువైపు తొంగి చూడరు. బస చుట్టాల ఇంట్లోనే కనుక మాకు హోటల్ ఖర్చు తప్పింది కానీ కాగితాల పని తప్పలేదు. వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకు 45 యూరోలు. మా అమ్మాయికి పదమూడు రావడంతో పెద్దల ఫీజే కట్టాం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మనం చేరిన 48 గంటల్లోగా ఫలానా వాళ్లు మా ఇంట్లో ఉంటున్నారని ఇంటివాళ్లు అక్కడి అధికారులకు రాసి ఇవ్వాలి. దీని గురించి చాలామందికి తెలియదు కాబట్టి టికెట్లు కొనేటప్పుడే మీ వాళ్లకు గుర్తు చేయండి.

ఇక ఎండ సంగతి. విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇటలీ ఎండ మమ్మల్నేం చేస్తుందిలే అనుకున్నాం. ఫ్లోరెన్స్ కొండల మధ్య గిన్నెలా ఉంటుంది, పైగా వీధులన్నీ రాతి పలకలు. మేమున్న రోజుల్లో ఎండ 38 డిగ్రీలు చూశాం. ఏసీ లేని ఇళ్లు చాలా ఉంటాయి. అక్కడివాళ్లు పొద్దున్నే కిటికీ చెక్క తలుపులు మూసేసి ఇంటిని చీకటిగా, చల్లగా ఉంచుకుంటారు. మూడో రోజు నుంచి మేమూ ఆ దారికే వచ్చాం. ఎనిమిదికల్లా బయటపడి, పన్నెండున్నరకు ఇల్లు చేరి, పడుకుని లేచి, సాయంత్రం ఆరు తర్వాత మళ్లీ బయలుదేరేవాళ్లం. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే దయచేసి మధ్యాహ్నాలను వదిలేయండి. ఫ్లోరెన్స్‌లో సిన్యోరియా కూడలి దగ్గర ఊరివాళ్లు పెట్టిన కుళాయిలో మంచినీళ్లు ఉచితంగా వస్తాయి, అందులో ఒకటి సోడానీళ్ల కుళాయి. మా అబ్బాయి దృష్టిలో ఇటలీ మొత్తానికి అదే గొప్ప వింత.

ఏ బట్టలు తీసుకెళ్లాలని చాలామంది అడిగారు. నూలు, లినెన్ తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దు. చర్చిలలోకి వెళ్లాలంటే భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి, ఈ విషయంలో గట్టిగానే ఉంటారు. చేతుల్లేని గౌను వేసుకున్న మా అమ్మాయిని ఫ్లోరెన్స్ కెథడ్రల్ గుమ్మం దగ్గరే ఆపేశారు. నా చున్నీ కప్పాక లోపలికి పంపారు. అప్పటినుంచి ఒక నూలు చున్నీ ఎప్పుడూ నా సంచిలోనే ఉంది. అది ఎండకు నెత్తిన, రైలులో ఏసీకి భుజాల మీద, పార్కులో పిల్లల కింద పరుపుగా కూడా పనికొచ్చింది.

ఇప్పుడు చెప్పబోయే ఘట్టం కోసమే ఈ వీడియో చేస్తున్నానని అనుకోవచ్చు. మా చెల్లెలి పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒకరు ఉంటారు. వయసులో ఉండగా ఆవిడ పాత ఉన్నిబట్టలు ఏరే షెడ్డులో పనిచేశారట. మేము వెళ్లిన రెండో రోజు సాయంత్రం పలకరించడానికి వచ్చారు. అత్తయ్యగారు ఆ రోజు సన్నని జరీ అంచున్న మంగళగిరి నూలు చీర కట్టుకున్నారు. ఆ పెద్దావిడ పలకరింపులు పూర్తికాకముందే అత్తయ్యగారి చీర కొంగు చివరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, రెండుసార్లు నెమ్మదిగా నలిపి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూసి, "కొతోనే" అన్నారు. అంటే నూలు. అత్తయ్యగారికి ఆ మాట తెలియదు కానీ ఆ చేతి కదలిక తెలుసు. ఆవిడ గౌను అంచును తాను కూడా అలాగే పట్టుకుని నలిపి చూసి, "ఇది నూలు కాదమ్మా, నార" అన్నారు. అది లినెనే. భాష తెలియని ఇద్దరు పెద్దవాళ్లు పావుగంట సేపు ఒకరి బట్టలు ఒకరు తడిమి చూసుకుంటూ మాట్లాడుకుంటుంటే మేమంతా పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాం.

ఆ నైపుణ్యం వెనక ఆ ఊరి చరిత్ర ఉంది. ప్రాతోలో ఉన్ని వ్యాపారం మధ్యయుగాల నాటిది. అక్కడి వర్తకుడు ఫ్రాంచెస్కో దతీని 1410లో చనిపోయేనాటికి దాదాపు 1,50,000 ఉత్తరాలు పోగయ్యాయి, అవి ఇప్పటికీ అతని ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి. అతని భార్య మార్గెరీతా పెద్దయ్యాక పట్టుబట్టి రాయడం నేర్చుకుని భర్తకు ఉత్తరాలు రాసింది. ఇంటి గురించి, తిండీబట్టా గురించి ఆరువందల ఏళ్ల కిందట ఒక ఇల్లాలు రాసిన మాటలు ఆ గోడల మధ్య ఉన్నాయంటే నాకు చాలా సంతోషం కలిగింది.

19వ శతాబ్దంలో ఈ ఊరు పాత ఉన్నిబట్టల నుంచి కొత్త బట్ట తీయడం మొదలుపెట్టింది. వచ్చిన బట్టలను ముందు చేత్తో ఏరతారు. గుండీలు, జిప్పులు, లోపలి అస్తర్లు విప్పేసి, ఉన్నిని రంగుల వారీగా కుప్పలు పోస్తారు. తర్వాత యంత్రంలో చీల్చి పీచుగా మార్చి, దువ్వి, వడికి, మళ్లీ నేస్తారు. ఏరేటప్పుడే రంగుకు రంగు కలుపుతారు కాబట్టి చాలావరకు మళ్లీ రంగు అద్దే పని ఉండదు, దాంతో ఎంతో నీరూ రసాయనాలూ మిగులుతాయి. ఊళ్లోని వస్త్ర మ్యూజియం 19వ శతాబ్దపు ఫ్యాక్టరీ భవనంలో ఉంది. పిల్లలు విసుక్కుంటారేమోనని భయపడ్డాను కానీ, మగ్గాల దగ్గర మా అమ్మాయి గంటన్నర నిలబడిపోయింది. అత్తయ్యగారు అంతా చూసి, "మన బొంతే కదమ్మా ఇది, కాకపోతే పీచు దాకా విప్పి కుడుతున్నారు" అన్నారు. పాత చీరలు దొంతరగా పేర్చి బొంత కుట్టిన చేతులకే ఆ మాట తోస్తుంది.

అదే ఊరి కెథడ్రల్‌లో మేరీమాత కట్టుకున్నదని భక్తులు నమ్మే నడుముకట్టు ఉంది. ఈస్టర్ నాడు, మే 1న, ఆగస్టు 15న, సెప్టెంబర్ 8న, క్రిస్మస్ నాడు, మొత్తం ఏడాదికి ఐదుసార్లే దాన్ని బయట జనానికి చూపిస్తారు. గుడి బయటి గోడకు ఆనించి కట్టిన వేదిక మీద నుంచి చూపిస్తారు, ఆ వేదికను చేసినవాళ్లు దొనాతెల్లో, మికెలొత్సో అనే శిల్పులు. తేదీలు కుదరక మేము చూడలేకపోయాం. బట్ట నేసి బతికిన ఊరు ఒక తల్లి నడుముకట్టును ప్రాణంగా చూసుకోవడం నాకు ఎంతో సహజంగా అనిపించింది.

ఫ్లోరెన్స్‌లో ఫ్యాషన్ కోసం ఒకే ఒక్క చోటుకు వెళ్లే వీలుంటే ఫెర్రగామో షూ మ్యూజియానికి వెళ్లండి. చెప్పుల తయారీదారు సాల్వతోరె ఫెర్రగామో 1930లలో అరికాలి వంపుకు ఊతంగా వాడే ఉక్కు దొరకని రోజుల్లో బెండుచెక్కతో ఎత్తు మడమ చెప్పులు చేశాడు, 1938 నాటి ఇంద్రధనుస్సు రంగుల చెప్పు ఆ కోవలోదే. యుద్ధకాలంలో తోలు కొరతగా ఉన్నప్పుడు మిఠాయిలకు చుట్టే సెల్లోఫేన్ కాగితాన్ని మెలిపెట్టి చెప్పు పైభాగం అల్లాడు. మా అమ్మాయి అక్కడ బొమ్మలు గీసుకుంటూ కూర్చుంది. పిట్టీ ప్యాలెస్‌లోని దుస్తుల మ్యూజియం కూడా బాగుంటుంది. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో 18 ఏళ్లలోపు వాళ్లకు ప్రవేశం ఉచితం, పిల్లల పాస్‌పోర్టులు మాత్రం దగ్గర ఉంచుకోండి.

మిలాన్‌కు ఒక్క రోజు వెళ్లి వచ్చాం. 1877లో పూర్తయిన గలేరియా అనే దుకాణాల భవనానికి ఉన్న అద్దాల పైకప్పు, అందులో 1913లో మొదలైన ప్రాదా ఫ్యాషన్ కంపెనీ మొదటి దుకాణం, రెండూ చూడదగ్గవే. అయితే పిల్లలతో అక్కడ ఒక పూటకు మించి అవసరం లేదు.

కొనుగోళ్ల విషయానికొస్తే, ఎక్కువ ప్రాంతాల్లో వేసవి తగ్గింపు అమ్మకాలు జూలై మొదటి శనివారం మొదలవుతాయి. చీటీ మీద పాత ధర, తగ్గింపు శాతం, కొత్త ధర ఉంటాయి. అసలు చూడాల్సింది లోపలి కుట్టు దగ్గర ఉండే చిన్న పట్టీని. కొతోనే అంటే నూలు, లీనో అంటే లినెన్, సేతా అంటే పట్టు, లానా అంటే ఉన్ని. ఈ నాలుగు మాటలూ నేర్చుకున్నాక మా అమ్మాయి ధర కన్నా ముందు పట్టీనే చూడటం మొదలుపెట్టింది, ఈ ప్రయాణంలో నాకు దక్కిన లాభాల్లో అదొకటి. ఒకే దుకాణంలో 70 యూరోలు దాటి కొంటే పన్ను వాపసు కాగితం అడగండి. అక్కడి పన్ను 22 శాతమే అయినా చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. నేను మోసపోయింది తోలు బ్యాగు దగ్గర. వీధిలోని ఒక బండి మీద, తోలేనని చెబితే నమ్మి కొన్నాను, ఇంటికొచ్చిన నెలలోపే అంచుల దగ్గర పొరలు లేచాయి. అంచు కోసిన చోట పీచు కనిపిస్తే తోలు, గుడ్డ మీద పూత కనిపిస్తే కాదు. ఈ ఒక్క పరీక్షా చేయకుండా తోలు వస్తువు కొనకండి.

ఇక భోజనం. అత్తయ్యగారు ఏం తింటారోనని బయలుదేరే ముందు నాకు దిగులుగా ఉండేది. మార్గెరీతా పిజ్జాలో మాంసం ఉండదు, చీజ్ అసలే వద్దనుకుంటే టమాటా, వెల్లుల్లి, నూనె ఉండే మరినారా ఉంది. పర్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, కాబట్టి పట్టింపు ఉన్నవాళ్లు పాస్తా మీద చల్లవద్దని ముందే చెప్పాలి. కొన్ని రొట్టెల్లో పందికొవ్వు కలుపుతారు, దాని పేరు స్త్రుత్తో, ఆ మాట గుర్తుపెట్టుకుని అడగండి. రాత్రి భోజనం ఏడున్నర దాటితే గానీ పెట్టరు. పిల్లలకు ఐదింటికి బేకరీలో ఆలివ్ నూనె, ఉప్పు రాసి కాల్చిన స్కియచ్చాతా రొట్టె కొనిపెట్టేదాన్ని. ఐస్‌క్రీమ్ జెలాతో కొనేటప్పుడు పిస్తా రంగు చూడండి. మెరిసే ఆకుపచ్చ అయితే అది రంగు, బూడిద కలిసిన పాలిపోయిన ఆకుపచ్చ అయితే అది పిస్తా. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర ఉంటుంది, బిల్లులో కొపెర్తో అని తలకు కొంత వేయడం అక్కడి ఆనవాయితీ.

ప్రాతో, ఫ్లోరెన్స్ ఉన్న తోస్కానా ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వేయరు. మొదటి రోజు మాకు ఒక్క ముద్ద దిగలేదు. ఆ రొట్టె రెండు రోజులు నిలవుండి రాయిలా గట్టిపడితే మా చెల్లెలు పారేయబోతుంటే పక్కింటి పెద్దావిడ ఆపి, మా వంటగదిలోనే పంచనెల్లా అనే వంటకం చేసి చూపించారు. రొట్టెను చల్లటి నీళ్లలో నానబెట్టి, రెండు చేతుల మధ్య గట్టిగా పిండి, తడిపిన అటుకుల్లా పొడిపొడిగా విదిల్చారు. సన్నగా తరిగి వినిగర్‌లో ఊరనిచ్చిన ఎర్ర ఉల్లిపాయలు, బాగా పండిన టమాటాలు, దోసకాయ వేసి, తులసి జాతికి చెందిన బాసిలికో ఆకును కత్తి తగలనివ్వకుండా చేత్తో తుంచి కలిపారు. పైన ఉప్పు, ఆలివ్ నూనె వేసి, మూతపెట్టి గంటసేపు వదిలేశారు. పొయ్యి వెలిగించే పనే లేదు. ఆ ఎండలో నోట్లో పెట్టుకుంటే పుల్లగా, చల్లగా, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నట్టే ఉంది. అత్తయ్యగారు మేము తెచ్చుకున్న పచ్చిమిరపకాయ ఒకటి కొరుక్కుంటూ రెండోసారి వడ్డించుకున్నారు. ఇటలీలో మేము తిన్న వాటన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే, ఏ హోటల్‌కూ కాదు. రెండో స్థానం ప్రాతోలో 1858 నుంచి నడుస్తున్న ఆంటోనియో మత్తెయ్ బేకరీ బాదం బిస్కెట్లకు, అయితే వాటిలో గుడ్డు ఉంటుంది.

వచ్చే ముందు సోమవారం సంతలో మిగులు ముక్కలు అమ్మే బల్ల దగ్గర ఈ గుడ్డ కొన్నాను. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. దూరానికి ముదురు బూడిద రంగే, దగ్గరికొస్తే మధ్య మధ్య నీలం, ఎరుపు పోగులు కనిపిస్తాయి. అవి ఎవరిదో పాత స్వెట్టరువి. రెండు మీటర్లు ఉంది. దీనికి తన పాత మంగళగిరి చీర అంచు విప్పి చుట్టూ వేసి చలికాలానికి కప్పుకునే దుప్పటి కుడతానని అత్తయ్యగారు మొన్ననే సూదీదారం తీశారు. కుట్టడం పూర్తయ్యాక దాన్నీ చూపిస్తాను.