మీనంబాక్కంలో చోటు చాలని కథ

(దృశ్యం: నెల్లూరులో ఒక వీధి, రాత్రి ఏడు గంటలు. ఇంటి ముందు కారు. డిక్కీలో తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు)

విమానం తెల్లవారుజామున మూడింటికి. బయలుదేరేది మాత్రం ముందురోజు రాత్రి భోజనం కాకముందే. ఎక్కేది ఒక్కరు, సాగనంపడానికి ఐదుగురు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటాక బోర్డుల మీద లిపి మారుతుంది. చెన్నైలోకి వచ్చేశామని అనుకుంటాం గానీ, నగరాన్ని చుట్టి దక్షిణపు కొసకు వెళ్లాలి. నెల్లూరు వాళ్లకు అలవాటైన అంతర్జాతీయ విమానాశ్రయం అక్కడుంది, మరో రాష్ట్రంలో.

మనవాళ్లు దాన్ని ఇప్పటికీ ‘మద్రాసు ఎయిర్‌పోర్టు’ అనే అంటారు. తప్పేమీ లేదు. నగరం పేరు 1996లో చెన్నై అయినా, టికెట్ మీద ఆ విమానాశ్రయానికి వేసే మూడక్షరాల గుర్తు నేటికీ ఎంఏఏ. అందులోని మొదటి రెండక్షరాలు మద్రాసువే.

(దృశ్యం: పటం. సెయింట్ థామస్ మౌంట్ కొండ, పక్కన అడయారు నది, రైలు పట్టాలు, జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు)

ఈ పటాన్ని కాస్త నిదానంగా చూడండి. కథంతా ఇందులోనే ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క నది. దక్షిణాన తిరుచ్చి వైపు పోయే పెద్ద రోడ్డు, దాని వెంటే రైలు మార్గం. మధ్యలో మిగిలిన చదును నేల మీనంబాక్కం, విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. ఈ ప్రాంతం ఎంత చదునంటే, 1802లో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ దేశాన్ని కొలిచే మహా సర్వేకు తొలి ఆధారరేఖను, అంటే మిగతా కొలతలన్నిటికీ మూలమైన గీతను, ఆ కొండ దగ్గరే గీశాడు. విమానానికీ కావలసింది చదునే. చిన్న విమానాల రోజుల్లో ఆ నేల బోలెడంత.

మద్రాసుకు క్రమం తప్పకుండా విమానం రావడం ఉత్తరాలతో మొదలైంది. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా సంచులు తెచ్చాడు. అక్కడి నుంచి ఆయన సహచర పైలట్ నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఒంటి ఇంజను పస్ మాత్ విమానం. అప్పటికి బళ్లారి, నెల్లూరు, మద్రాసు అన్నీ ఒకే రాష్ట్రం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. ‘మద్రాసు మనదే’ అన్న నినాదం నినాదంగానే మిగిలింది. ఆ మరుసటి ఏడాదే, 1954లో, మీనంబాక్కంలో తొలి టెర్మినల్ తయారైంది. మద్రాసు పోయిందని బాధపడిన ఊళ్లే, తర్వాత విదేశాలకు పోవడానికి అదే మద్రాసు గుమ్మం తొక్కాయి.

(దృశ్యం: పాత టెర్మినల్ నలుపు తెలుపు బొమ్మ, దాని మీదుగా జరుగుతున్న బాణం గుర్తు)

ముప్ఫై ఏళ్లకు ఆ భవనం ఇరుకైంది. ప్రయాణికులను పడమరగా తిరుశూలం వైపు జరిపారు. 1985లో దేశీయ విమానాలకు కామరాజ్ టెర్మినల్, 1989లో విదేశీ విమానాలకు అన్నా టెర్మినల్ వచ్చాయి. పాత భవనం సరుకుల పాలైంది. చిన్నచూపు అక్కర్లేదు, మన తీరంలో పట్టిన పీతలు డెక్కలకు కట్లతో, ప్రాణాలతో సింగపూరు వెళ్లేది చెన్నై సరుకు విభాగం నుంచే. వాటిని సాగనంపడానికి మాత్రం ఎవరూ రారు.

ఆ తర్వాత జరగడానికి నేల లేదు. పెద్ద రన్‌వే పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైనే. రెండోది పొట్టిది. దాన్ని పెంచాలంటే ఎదురుగా అడయారు. నదిని జరపలేరు కాబట్టి నది మీదే వంతెన కట్టి, దాని మీదుగా రన్‌వేను అవతలి ఒడ్డుకు పొడిగించారు. ఇంజనీర్లకు అది గర్వకారణం. నదికి ఎలా అనిపించిందో 2015లో తెలిసింది.

(దృశ్యం: నీళ్లలో నిలిచిన విమానాలు)

ఆ డిసెంబరు 1న కుండపోత. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్లు అడయారులోకి వచ్చాయి. రన్‌వే మునిగింది, విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి ప్రయాణికుల విమానాలు నడిపారు. వంతెన స్తంభాలు ప్రవాహానికి అడ్డయ్యాయన్న విమర్శ అప్పుడు గట్టిగానే వినిపించింది. వాగును పూడ్చి ఇల్లు కట్టుకున్న వాళ్ల సంగతి మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పాలా?

2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన కొత్త సమీకృత టెర్మినల్‌కు 1,260 కోట్ల రూపాయలు ఖర్చయింది. కోలాలు (తమిళ ముగ్గులు), కంచి చీరల అంచులు తలపించే అలంకారాలతో చూడముచ్చటగా ఉంది. కానీ భవనం పెంచినంత తేలికగా రన్‌వే పెరగదు. అందుకే రెండో విమానాశ్రయానికి కాంచీపురం జిల్లా పరందూరును ఎంచుకున్నారు. అక్కడి రైతులు భూములు ఇవ్వబోమని పోరాడుతున్నారు.

(దృశ్యం: నెల్లూరు, కావలి మధ్య హైవే. దగదర్తి బోర్డు)

మన జిల్లాలో దగదర్తి దగ్గర విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. నెల్లూరు వాళ్లు మాత్రం ఇప్పటికీ తడ దాటుతూనే ఉన్నారు.

సామాను తక్కువైతే ఒక మాట. 2019 ఫిబ్రవరి నుంచి చెన్నై సెంట్రల్ స్టేషన్ కిందే మెట్రో ఎక్కి, ఆ నీలం మార్గంలో రైలు మారకుండా విమానాశ్రయంలో దిగవచ్చు. నెల్లూరు నుంచి రైల్లో వెళితే కారు బాడుగ మిగులుతుంది. సాగనంపేవాళ్లు స్టేషన్‌లోనే ఆగిపోతారు.