ఒక్క ‘ట’ తీసేసినందుకు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, వెనక వరసల్లో రోజూ లాగే పత్రిక చేతపట్టుకుని కూర్చున్న పాఠకులకు నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ ఆ పది నిమిషాలు కూడా నన్ను విషయానికే వాడుకోనివ్వండి. ఈ సభకు నేను రావడానికి ఒక పని ఉంది. అది చివర చెబుతాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ గ్రంథాలయ వారోత్సవాల్లో నాకు ఇచ్చిన అంశం ‘ప్రజాజీవితంలో నిజం, అభిప్రాయం’. ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో, విలేఖరులు పంపిన వార్తలు దిద్దే సబ్ ఎడిటర్‌గా ముప్పై ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఇచ్చి ఉంటారు. భాష, చట్టం, పత్రికలు, ఎన్నికలు అని నాలుగు భాగాలుగా రాసుకుని వచ్చాను.

మొదట భాష. ‘వర్షం పడింది’ అన్నవాడు తడిసి ఉంటాడు, లేదా తడిసిన నేలను చూసి ఉంటాడు. ‘పడిందట’ అంటే అతనికి ఎవరో చెప్పారు. ‘పడినట్టుంది’ అంటే ఏదో గుర్తు చూసి ఊహిస్తున్నాడు. ‘పడిందేమో’ అంటే అతనికీ తెలియదు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ ఈ నాలుగింటినీ ఎన్నడూ కలగాపులగం చేయలేదు. పక్క వీధి గొడవ గురించి చెప్పేటప్పుడు ‘వచ్చాడట, అరిచాడట, ఆ పిల్ల ఏడ్చిందట’ అనేది. తాను చూడలేదని మాటమాటకూ ఒప్పుకునేది.

న్యాయస్థానం అడిగేదీ ఇదే. కళ్ళతో చూసిన సంగతి అయితే చూసినవాడే వచ్చి చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టం నిర్దేశించింది. 2024 జూలై 1న దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ నియమం పోలేదు. చేతిరాత, వేలిముద్రల వంటి వాటి మీద నిపుణుల అభిప్రాయం తీసుకుంటారు. దారిన పోయేవాడి అభిప్రాయం తీసుకోరు. పరువునష్టం విషయంలోనూ అంతే. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. ‘ఈ అధికారికి పని చేతకాదు’ అనే స్వేచ్ఛ మీకుంది. ‘ఈ అధికారి లంచం తీసుకున్నాడు’ అన్నారా, అది జరిగిందో లేదో తేలవలసిన సంగతి. రుజువు చూపాలి.

ఇక పత్రికలు. ఇక్కడ నా కాగితాలు పక్కన పెడుతున్నాను.

2005 జూలైలో ఒక రాత్రి, పేజీ కట్టే వేళకు, ఒక మండల విలేఖరి నుంచి వార్త వచ్చింది. ఫలానా ఊరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ రెండు బస్తాల బియ్యం రిక్షాలో వేసుకుని బయటికి తీసుకువెళ్ళిందట, అమ్ముకుందట అని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఆ విలేఖరి నిజాయతీపరుడు, రెండు చోట్లా ‘ట’ పెట్టాడు. వార్త మూడు లైన్లు ఎక్కువైంది. నేను కత్తిరించాను. ‘అని ఊళ్ళో చెప్పుకుంటున్నారు’ తీసేశాను. ‘ట’ తీసేశాను. శీర్షిక పెట్టాను: ‘బడి బియ్యం పక్కదారి’. ఆవిడ పేరు మాత్రం ఉంచాను.

ఆ మనిషి మీద నాకు పగ లేదు. నాకు కావలసింది మూడు లైన్ల చోటు.

వార్త వచ్చిన మూడో రోజున వంట పనిని ఆవిడ డ్వాక్రా సంఘం నుంచి తీసేసి ఇంకొక సంఘానికి ఇచ్చారు. తరువాతి వారం ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో మడతలు పడిన పత్రిక ఉంది. ‘అయ్యా, నేను బియ్యం అమ్ముకోవడం మీరు చూశారా?’ అని అడిగింది. లేదన్నాను. ‘మరి చూసినట్టు రాశారే’ అంది. నాకు నోట మాట రాలేదు.

తరువాత మండల విద్యాధికారి విచారణ జరిగింది. ప్రాథమిక పాఠశాలలో పిల్లవాడికి రోజుకు వంద గ్రాముల బియ్యం. ఆ బడిలో అరవై నలుగురు పిల్లలు, అందరూ వస్తే రోజుకు ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. హాజరు పట్టీ తీశారు, స్టాకు రిజిస్టరు తీశారు, మిగిలిన బియ్యం కాటా వేశారు. లెక్క సరిపోయింది. రిక్షాలో వెళ్ళిన రెండు బస్తాలూ పురుగు పట్టిన బియ్యం. ప్రధానోపాధ్యాయుడే రేషను డీలరుకు తిప్పి పంపి, వేరే బస్తాలు తెప్పించాడు. డీలరు రాసిచ్చిన రసీదు బడిలోనే ఉంది.

అమ్మా, అయ్యా, దయచేసి ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రిజిస్టరు, ఆ కాటా, ఆ రసీదు నేను వార్త దిద్దిన రాత్రి కూడా ఆ బడిలోనే ఉన్నాయి. మర్నాడు ఒక్క మనిషి వెళ్ళి చూస్తే తేలిపోయేది. నేను ఒక్క రోజు ఆగలేదు.

ఆ తరువాత నా కళ్ళకు మా డెస్క్ భాష అంతా వేరుగా కనబడసాగింది. ‘విమర్శలు వెల్లువెత్తుతున్నాయి.’ ఎంతమంది విమర్శించారు? ‘ఆరోపణలు గుప్పుమంటున్నాయి.’ ఎవరు ఆరోపించారు? ‘స్థానికులు ఆగ్రహం వ్యక్తం చేస్తున్నారు.’ ఆ స్థానికుడు చాలాసార్లు టీకొట్టు దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి. విలేఖరి తన అభిప్రాయాన్ని తన పేరు మీద రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. సంపాదకీయం ఉన్నదే అందుకు. అభిప్రాయానికి వార్త చొక్కా తొడిగి పంపడం మీదనే నా కోపం.

పిల్లలూ, ఇది పాతకాలపు పత్రికల గొడవ అనుకోకండి. మీ చేతిలో ఫోను ఉంది, అంటే మీరందరూ సబ్ ఎడిటర్లే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ ముఠా దిగిందని మన రెండు రాష్ట్రాల్లో ఫోన్లలో సందేశాలు తిరిగాయి. అమాయకులను కొట్టి చంపారు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అలాగే మూక చేతిలో ప్రాణం పోగొట్టుకుంది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవాడిని ఎత్తుకుపోతారు. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి హెచ్చరించడానికి తీసిన చిన్న చిత్రం. చివర్లో వాళ్ళు పిల్లవాడిని తిరిగి అప్పగించి, హెచ్చరిక రాసిన అట్ట పైకెత్తి చూపుతారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. నేను మూడు లైన్లు కత్తిరించినట్టే. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఐదుగురు కూడా తక్కువేమీ కాదు.

ఎన్నికల గురించి చాలా రాసుకున్నాను, ఒక్కటి చెప్పి ఆపుతాను. ‘ఈ పథకానికి ఇన్ని కోట్లు ఇచ్చాం’ అని ఏ పార్టీ నాయకుడు చెప్పినా, కేటాయించారా, ఖర్చు చేశారా అని అడగండి. బడ్జెట్ పుస్తకాల్లో బడ్జెట్ అంచనా ఒక అంకె, సవరించిన అంచనా ఒక అంకె, వాస్తవ వ్యయం ఇంకో అంకె. వేదికల మీద ఎక్కువగా వినబడేది మొదటిదే. ఆ డబ్బు చాలునా చాలదా అన్నది మీ అభిప్రాయం, దాని మీద ఎంతసేపైనా వాదించుకోండి. ఖర్చు ఎంతన్నది మాత్రం పుస్తకం తెరిచి చూడవలసిందే.

ఇప్పుడు నా పని. విచారణ అయ్యాక మా పత్రిక సవరణ వేసింది. ఆగస్టులో, జిల్లా అనుబంధం తొమ్మిదో పేజీలో, నాలుగు లైన్లు. మొదటి వార్త మూడు కాలమ్‌ల వెడల్పున వచ్చింది. వంట పని ఆవిడకు తిరిగి రాలేదు. ‘అచ్చులో వచ్చింది కదా’ అన్నారట ఊళ్ళో. ఆ మాట నేను వినలేదు, ఆవిడ చెప్పింది.

ఈ గ్రంథాలయం జిల్లా అనుబంధాలను నెలకొక బైండుగా కుట్టించి దాస్తుంది. 2005 జూలై బైండు ఇక్కడ రెండో గదిలో ఉంది. పోయిన నెల వచ్చి చూశాను. శీర్షిక చెక్కుచెదరలేదు. రేపు ఆ ఊరి మీద ఏ విద్యార్థి అయినా వ్యాసం రాస్తే ఆ పేజీనే చదువుతాడు. సవరణ వేరే బైండులో ఉంది కనుక అతని కంటపడదు. ఆ నాలుగు లైన్ల నకలు తెచ్చాను. దాని కింద, ‘ఈ వార్తను దిద్దినది నేను, నేను చూడలేదు’ అని రాసి సంతకం చేశాను. జూలై పేజీ పక్కన అంటించడానికి గ్రంథాలయాధికారి గారు అనుమతించారు. ఆ వంట చేసిన ఆవిడ కుమార్తె కూడా వచ్చింది, మూడో వరసలో ఉంది. సభ ముగియగానే మేమిద్దరం ఆ గదిలోకి వెళతాము. రాదలచిన వారు మాతో రండి.