వారమ్ పెర్సీ: ఒక చర్చి గోడలు చెప్పే చరిత్ర

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లండ్‌లో ఒక చర్చినీ, ఆ చర్చి కిందికి వచ్చే పల్లెలనూ కలిపి పారిష్ అంటారు. పల్లెల్లోని వారి జ్ఞానస్నానాలూ, పెళ్లిళ్లూ, అంత్యక్రియలూ ఆ చర్చిలోనే జరిగేవి కనుక, జనం పెరిగినా తరిగినా ఆ మార్పు దాని కట్టడంలో కనిపించేది. యార్క్‌షైర్‌లోని సుద్దరాతి కొండల మధ్య, ఊరు ఊరంతా గడ్డినేలగా మారిపోయిన వారమ్ పెర్సీలో దీనికి చక్కని సాక్ష్యం ఉంది.

10వ శతాబ్దంలో అక్కడ ఉన్నది చిన్న కొయ్య చర్చి. తరువాత దాని స్థానంలో రాతి చర్చి లేచింది. 12, 13 శతాబ్దాల్లో జనం పెరిగేకొద్దీ గోడలను తొలిచి కమానులు నిలిపి, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి పక్క నడవలు చేర్చారు. 14వ శతాబ్దం నడుమ ప్లేగు వచ్చి ఎందరినో బలిగొన్నది. అయినా ఊరు అంతటితో ఖాళీ కాలేదు. ఉన్నికి మంచి గిరాకీ ఉన్న రోజుల్లో, సాగుభూములను గొర్రెల మేతకు వదలడం లాభమని తలచిన భూస్వామి 1500 ప్రాంతంలో చివరి కుటుంబాలను వెళ్లగొట్టాడు. పాడుబడిన ఊళ్లన్నిటికీ ప్లేగునే కారణంగా చెప్పడం పరిపాటి. ఇక్కడ మాత్రం ఆ నింద భూస్వామికే చెందుతుందని నా అభిప్రాయం.

జనం తగ్గాక పక్క నడవలను పడగొట్టి, కమానులను రాళ్లతో మూసివేశారు. పడగొట్టిన గోడల కిటికీలను వృథా పోనీయక ఆ మూసిన కమానుల్లోనే అమర్చారు. దక్షిణపు గోడలో ఆ పాత కమానుల గీతలు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఊరు పోయినా, అదే పారిష్‌కు చెందిన థిక్సెండేల్ వాసులు కొండలు దాటి వచ్చి ప్రార్థనలు చేయడం వల్ల చర్చి నిలిచింది. 1870లో వారికి సొంత చర్చి ఏర్పడింది. ఆ తరువాత దీని ఆదరణ సన్నగిల్లి, 1949లో ప్రార్థనలు ఆగిపోయాయి. 1959లో గోపురం సగం కూలింది.

మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ అనే పండితుల నాయకత్వంలో 1950 నుంచి 1990 దాకా ఏటా వేసవిలో అక్కడ తవ్వకాలు జరిగాయి. ఇళ్ల పునాదులతో పాటు, చర్చి ఆవరణలో దాదాపు 700 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆనాటి పత్రాల్లో ప్రభువుల పేర్లకే పెద్దపీట. దున్నినవారి, కాపుగాసినవారి, బిడ్డలను సాకినవారి బతుకులు తెలిపినవి ఈ ఎముకలే. తల్లులు పిల్లలకు సుమారు ఏడాదిన్నర వయసు వచ్చేదాకా పాలిచ్చారని కూడా వాటి రసాయన పరీక్షల్లోనే తేలింది.