సగం ఏడాది అయింది, పని ఎక్కడ ఆగింది?

నమస్కారమండి. రోహిణి కార్తె మొదలైంది, మధ్యాహ్నం పూట బజార్లో కౌంటర్ దగ్గర మనిషన్నవాడు కనపడట్లేదు, జూన్ వచ్చేస్తోంది, అంటే సగం ఏడాది అయిపోయినట్టే. నేను చిన్న వ్యాపారాల వాళ్లకి కోచింగ్ ఇస్తుంటాను, షాపులు, ప్రెస్సులు, చిన్న యూనిట్లు నడిపేవాళ్లతో కూర్చుని వాళ్ల లెక్కలు, పనివాళ్లు, సరుకు, అప్పులు అన్నీ మాట్లాడుకుంటాం. ఈ రోజుల్లో ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు, జనవరిలో అనుకున్న టార్గెట్‌లో ఎంత అయిందో చూద్దామా అని. చూడండి, మంచిదే. నేను మాత్రం దానికంటే ముందు ఇంకోటి అడుగుతాను, మీ దగ్గర పని ఎక్కడ ఆగిపోతోంది?

ఎందుకంటే టార్గెట్ అందలేదని తెలియగానే మనవాళ్లు చేసేది ఒకటే, అందర్నీ ఇంకాస్త పరుగెత్తించడం. పని ఆగిన చోటు ఒకటైతే పరుగు ఇంకోచోట పెడతారు.

నాకు తెలిసిన ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన ఉన్నారు. స్కూళ్లు మామూలుగా జూన్ 12కి తెరుస్తారు కదా, ఈ లోపు ఆయనకి ఊపిరాడదు, స్కూల్ డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు, ఫీజు రసీదు పుస్తకాలు అన్నీ ఒక్కసారే కావాలంటారు. ఆర్డర్లు లేట్ అవుతున్నాయని లోన్ పెట్టి ఇంకో ఆఫ్‌సెట్ మెషిన్ కొనేద్దామనుకున్నారు. వెళ్లి చూస్తే అచ్చయిపోయిన షీట్లు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి, బైండింగ్‌కి ఇద్దరే ఉన్నారు, కటింగ్ మెషిన్ ఒక్కటే. కొత్త మెషిన్ కొంటే ఆ షీట్ల గుట్ట ఇంకా పెరిగేది, అంతకుమించి ఏం జరిగేది కాదు. ఇంకొంచెం కూర్చుని చూస్తే ఇంకో సంగతి బయటపడింది, ఏ ఆర్డర్‌కైనా రేటు చెప్పాల్సింది ఆయనొక్కరే, ఆయన బయటికెళ్తే కస్టమర్ ఎదురుచూడాలి, లేదంటే పక్క ప్రెస్‌కి వెళ్లిపోతాడు. ఇది చాలా షాపుల్లో చూశాను నేను, పని ఆగే చోటు వెతుక్కుంటూ వెళ్తే చివరికి ఓనర్ కుర్చీ దగ్గర తేలుతుంది. ఆయన చివరికి మామూలు ఆర్డర్లన్నిటికీ ఒక రేట్ల పట్టిక రాసి కౌంటర్‌లో అబ్బాయి చేతికిచ్చారు, సీజన్ వరకు బైండింగ్‌కి మనుషుల్ని పెంచారు, లోన్ అవసరమే పడలేదు.

అందుకని ఈ ఎండల్లో చదవమని నేను మొదట చెప్పే పుస్తకం ది గోల్. 1984లో వచ్చింది, ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఇజ్రాయెల్ ఫిజిక్స్ ఆయన జెఫ్ కాక్స్‌తో కలిసి రాశారు. మేనేజ్‌మెంట్ పుస్తకమే కానీ నవలలా ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ మేనేజర్‌కి మూడు నెలల గడువిస్తారు, ఆ లోపు బాగుచెయ్యకపోతే ఫ్యాక్టరీ మూసేస్తామని. అతను ఒక వారాంతం కొడుకుతో స్కౌట్ పిల్లల్ని తీసుకుని అడవిలో నడకకి వెళ్తాడు, అందులో హెర్బీ అనే పిల్లాడు అందరికంటే మెల్లగా నడుస్తాడు, ముందున్నవాళ్లు ఎంత వేగంగా వెళ్లినా హెర్బీ చేరేదాకా అందరూ చేరినట్టు కాదు. మేనేజర్ వాణ్ణి తిట్టడు, వాణ్ణి వరసలో ముందుకి తెచ్చి, వాడి బ్యాగులో బరువంతా తీసి తలా కాస్త మిగతావాళ్లకి పంచుతాడు. అప్పటికప్పుడు మొత్తం గుంపు వేగం పెరుగుతుంది. ఈ ఒక్క ఘట్టం చదివినా మీ షాపు మీకు వేరేలా కనిపిస్తుంది, ప్రామిస్.

రెండోది వర్గీస్ కురియన్ గారి ఆత్మకథ, ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్, 2005లో వచ్చింది. అమూల్ కథ అందరికీ పైపైన తెలుసు, అసలు మజా లోపలుంది. ఆయన 1949లో గుజరాత్‌లోని ఆణంద్‌కి వచ్చింది ఇష్టపడి కాదు, సర్కారు స్కాలర్‌షిప్‌తో చదివినందుకు బాండ్ ప్రకారం అక్కడి ప్రభుత్వ క్రీమరీలో, అంటే పాల కేంద్రంలో, పనిచెయ్యాల్సొచ్చింది. అక్కడ ఖేడా జిల్లా రైతుల సంఘం, త్రిభువన్‌దాస్ పటేల్ గారు పరిచయమయ్యారు. రైతులకొచ్చిన చిక్కేంటంటే, చలికాలంలో గేదెలు ఎండాకాలం కంటే చాలా ఎక్కువ పాలిస్తాయి, ఆ పాలన్నీ బొంబాయి తీసుకోలేదు, మిగిలిన పాలు ఏం చెయ్యాలి? పొడి చెయ్యాలి. గేదె పాలని పొడి చెయ్యలేమని అప్పటి విదేశీ నిపుణులు తేల్చేశారు, ఎందుకంటే వాళ్లకి తెలిసినవి ఆవు పాలే. కురియన్ గారి స్నేహితుడు దలాయా ఆ పని చేసి చూపించారు, 1955 అక్టోబర్ 31న నెహ్రూ గారు వచ్చి ఆ ప్లాంట్ ప్రారంభించారు. దేశమంతా పాల ఉత్పత్తి పెంచడానికి 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ పథకం అంతా ఆ తర్వాత కథ. ఊరూరా సంఘాలు, వ్యాన్లు, డబ్బాలు ఎన్ని పెంచినా ఆ పొడి ప్లాంట్ లేకపోతే చలికాలం వచ్చేసరికి రైతు మళ్లీ దళారీ కాళ్ల దగ్గరికే పోయేవాడు, నాకైతే ఆ పుస్తకం మొత్తంలో గుండెకి హత్తుకున్న భాగం ఇదే.

కురియన్ గారి పుస్తకానికి నాకూ ఉంది ఒక కల అని తెలుగు అనువాదం వచ్చింది, అది దొరక్కపోతే, ది గోల్‌కైతే, ఇంగ్లీషే ఇబ్బంది. ఇంట్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే రాత్రి డాబా మీద పడుకునే ముందు రెండు మూడు పేజీలు చదివి తెలుగులో కథలా చెప్పమనండి, వాళ్లకీ మీకూ ఇద్దరికీ పనికొస్తుంది.

ఇక ఆటలు. బిజినెస్ ఆట మీరందరూ ఆడే ఉంటారు, బొంబాయి, ఢిల్లీ కొనుక్కుంటూ అద్దెలు వసూలు చేసే బోర్డు. దీనికి మూలం మోనోపలీ అనే అమెరికన్ ఆట, దానికీ ముందు లిజ్జీ మాగీ అనే అమెరికన్ ఆవిడ తయారుచేసిన ఆట, 1904లో పేటెంట్ తీసుకున్నారు. భూమి కొద్దిమంది చేతిలో పడితే మిగతావాళ్లు ఎలా నలిగిపోతారో జనానికి చూపించడానికి చేశారావిడ. మోనోపలీ అమ్మిన పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1935లో ఆ హక్కులు 500 డాలర్లకి కొనేసింది, పేరు మాత్రం చాలాకాలం ఆవిడకి రాలేదు, ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఈసారి పిల్లలతో ఆడేటప్పుడు ఒకటి గమనించండి, ఓడిపోయేవాడు చాలాసార్లు ఏమీ లేనివాడు కాదు, చేతిలో నాలుగు ఊళ్లుండి అద్దె కట్టడానికి నోట్లు లేనివాడు.

మన చిన్న వ్యాపారాల్లో అచ్చం ఇదే. ఖాతా పుస్తకంలో లాభం ఉంటుంది, గల్లాపెట్టెలో ఉండదు. సరుకు గోడౌన్లో ఆగింది, డబ్బు అరువు తీసుకున్నవాడి దగ్గర ఆగింది. ఈ సగం ఏడాది లెక్కల్లో బాకీల లిస్టు ఒకటి కూర్చుని రాయండి, ఎవరు, ఎంత, ఎన్ని రోజుల్నుంచి అని. ఇంకోటి, మీరు తయారీ గానీ సర్వీసు గానీ చేసే సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ అయితే చిన్న యూనిట్లని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. చిన్న తరహా యూనిట్ల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటకుండా మీకు డబ్బివ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ పడుతుంది, ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. కొని అమ్మే షాపులవాళ్లకి మాత్రం ఈ రక్షణ లేదు, వాళ్లు అరువు ఇచ్చేముందే ఆలోచించుకోవాలి.

ఫోన్లో ఆడేవాళ్లకి మినీ మెట్రో. ఊళ్లో స్టేషన్లు ఒక్కొక్కటే పుడుతుంటాయి, మీరు గీతలు గీసి రైళ్లు నడపాలి, ఏదో ఒక స్టేషన్లో జనం పట్టనంత పోగైతే ఆట అయిపోతుంది. మిగతా ఊరంతా హాయిగా నడుస్తున్నా సరే, ఆ ఒక్క స్టేషన్ చాలు. హెర్బీ కథ చదివి ఇది ఆడండి, వేళ్లతో అర్థమవుతుంది.

ఫోన్ వద్దు అంటే పులి మేక. మూడు పులులు, పదిహేను మేకలు, అరుగు మీద సుద్దముక్కతో గీస్తే బోర్డు రెడీ, చింతపిక్కలు మేకలు, గులకరాళ్లు పులులు. పిల్లలందరూ పులే కావాలంటారు, మీరు మాత్రం మేకలు తీసుకోండి. మేక ఎవర్నీ చంపలేదు, పులికి కదిలే దారి లేకుండా ఒక్కో గడి మూసుకుంటూ రావడమే దాని పని, తొందరపడి ఒక మేకని ఒంటరిగా వదిలేస్తే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. మేకలన్నీ బోర్డు మీద పెట్టడం అయ్యేదాకా పెట్టిన మేకని కదపకూడదు, ఈ రూల్ పిల్లలు ఎగ్గొడుతుంటారు, మొదలుపెట్టే ముందే చెప్పేయండి. ఉంటానండి, నమస్కారం.