ఎందరికో సోకే వైరస్, కొందరికే వచ్చే జబ్బు: జన్యువుల్లో ఒక వెతుకులాట

నమస్కారం. ఈ రోజు మాట్లాడుకునే జబ్బు పేరు రికరెంట్ రెస్పిరేటరీ పాపిలోమటోసిస్. వైద్యులు ఆర్‌ఆర్‌పీ అంటారు, మనమూ అలాగే అందాం. స్వరపేటికలో పులిపిర్ల వంటి గడ్డలు మొలుస్తాయి. మొదట గొంతు బొంగురుపోతుంది. పసిపిల్లల్లో గాలి వెళ్లే దారి సన్నం కాబట్టి క్రమంగా ఊపిరాడటమే కష్టమవుతుంది. కొందరికి ఆస్తమా అనుకుని నెలల తరబడి మందులు వాడిస్తారు కూడా. గడ్డల్ని శస్త్రచికిత్సతో తీసేస్తే మళ్లీ వస్తాయి, మళ్లీ మత్తు ఇచ్చి తీయాలి. జీవితకాలంలో వందకు పైగా శస్త్రచికిత్సలు చేయించుకున్నవారూ ఉన్నారు.

దీనికి కారణం హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్‌లోని 6, 11 రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు. ఈ 6, 11 రకాలు ఎక్కువగా ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు చేరతాయి. అలాగైతే ఈ వైరస్ ఉన్న తల్లుల బిడ్డల్లో చాలామందికి జబ్బు రావాలి కదా? రావడం లేదు. డెన్మార్క్‌లో 1974 నుంచి 1993 వరకు జరిగిన జననాలను పరిశీలించారు. గర్భంతో ఉండగా, ఎక్కువగా ఇవే రకాల వల్ల వచ్చే జననేంద్రియ పులిపిర్లు ఉన్న తల్లుల బిడ్డల్లో ప్రతి 1,000 మందికి ఏడుగురికే ఆర్‌ఆర్‌పీ వచ్చింది. అలాంటి పులిపిర్లు లేని తల్లుల బిడ్డలతో పోలిస్తే అది 231 రెట్లు ఎక్కువ, నిజమే. కానీ మిగిలిన 993 మంది సంగతేమిటి? సిజేరియన్ వల్ల రక్షణ కలిగినట్టు కూడా ఆ అధ్యయనంలో తేలలేదు. బిడ్డకు ఈ జబ్బు వస్తే తల్లిని దోషిలా చూసేవాళ్లకు ఈ లెక్క చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అందుకే శాస్త్రవేత్తలు వైరస్ నుంచి బిడ్డ వైపు దృష్టి మళ్లించారు. మొదట పట్టుకున్నది హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్ని. వైరస్ ముక్కల్ని రోగనిరోధక కణాలకు చూపించి గుర్తుపట్టించే ప్రోటీన్లను తయారుచేసేవి ఇవే. వీటిలో డీఆర్‌బీ1*0301 అనే రకం యూరోపియన్ మూలాలున్న రోగుల్లో ఎక్కువగా కనిపించింది. వైరస్ సోకిన కణాలను చంపే ‘సహజ హంతక కణాల’ మీద ఉండే కొన్ని గ్రాహకాల జన్యువులు లేనివారిలో జబ్బు తీవ్రంగా ఉండటం కూడా గమనించారు. అయితే ఇవన్నీ జబ్బు వైపు మొగ్గు పెంచే అంశాలే. ఆ హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్న లక్షల మంది ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నారు. పత్రికలో ‘జన్యువు దొరికింది’ అనే శీర్షిక చూస్తే కాస్త ఆగి చదవండి.

2019లో మాత్రం నిజంగా గట్టి ఆధారం ఒకటి దొరికింది. చిన్నప్పటి నుంచీ ఆర్‌ఆర్‌పీతో పాటు చర్మ సమస్యలూ ఉన్న ఇద్దరు తోబుట్టువుల్లో ఎన్‌ఎల్‌ఆర్‌పీ1 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు కనిపించింది. విచిత్రం ఏమిటంటే, ఆ మార్పు వల్ల జన్యువు చచ్చుబడలేదు, అతిగా పనిచేయసాగింది. చర్మ కణాల్లో ప్రమాద గంటలాంటిది ఈ జన్యువు. వీళ్లలో అది కారణం లేకుండానే మోగుతూ వాపును రగిలిస్తోంది. రోగనిరోధక శక్తి తగ్గితేనే వైరస్ గెలుస్తుందని మనం అనుకుంటాం, వైద్య విద్యార్థులూ అలాగే నేర్చుకుంటారు. ఇక్కడ లెక్క తలకిందులైంది. ఆర్‌ఆర్‌పీ ఉన్నవారందరిలో ఈ మార్పు ఉండదు, అది గుర్తుంచుకోవాలి. అయినా ఒక్క కుటుంబం పరిశోధకులకు కొత్త ప్రశ్న వేసుకునే ధైర్యం ఇచ్చింది.

రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉండటమంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావడం. మేనరికాలు చేసుకునే మన తెలుగు కుటుంబాల్లో ఇలాంటి అరుదైన మార్పులు జతపడే అవకాశం ఎక్కువ. బంధువులు కానివారిని చేసుకున్నా ఒకే సామాజిక వర్గంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగితే ఇదే సమస్య. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని అనేక వర్గాల గురించి ఇదే చెప్పింది. కాబట్టి ఇలాంటి జన్యువుల కోసం వెతికేవారు మన ఆసుపత్రుల వైపు కూడా చూడాలన్నది నా అభిప్రాయం. ఇంతవరకు వెతికిందంతా ఎక్కువగా యూరోపియన్ల రక్తంలోనే.

టీకా ఉండగా ఈ జన్యువుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 6, 11 రకాలనూ అడ్డుకునే టీకాను ఆస్ట్రేలియా 2007 నుంచి బాలికలకు ఇస్తోంది. అక్కడ పిల్లల్లో కొత్త కేసులు 2012లో లక్షకు 0.16 ఉంటే 2016కు 0.02కు పడిపోయాయి. మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకా కూడా ఈ రెండు రకాలను అడ్డుకుంటుంది. అమ్మాయిలకు టీకా వేయిస్తే రేపటి పిల్లల గొంతులు కాపాడినట్టే. అయితే ఇప్పటికే జబ్బుతో ఉన్నవారిని ఈ టీకా నయం చేస్తుందని చెప్పలేం.

వాళ్ల కోసం 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాప్‌జిమియోస్ అనే ఇంజెక్షన్‌ను పెద్దలకు వాడేందుకు ఆమోదించింది. ప్రమాదం లేకుండా మార్చిన గొరిల్లా అడినోవైరస్ ద్వారా ఇది 6, 11 రకాలను గుర్తుపట్టేలా రోగనిరోధక కణాలకు శిక్షణ ఇస్తుంది. పన్నెండు వారాల్లో నాలుగు మోతాదులు. 35 మందికి ఇస్తే, చికిత్స తర్వాత ఏడాదిపాటు 18 మందికి శస్త్రచికిత్సే అవసరం పడలేదు. మిగతా 17 మందికీ అదే మందు, అదే మోతాదు. వాళ్లలో ఎందుకు అంతగా పనిచేయలేదో తేల్చడానికి ఇన్నేళ్లుగా వెతుకుతున్న ఈ జన్యువుల జాబితానే ముందుగా తెరవాల్సి ఉంటుంది.