మోకాలి మార్పిడి తర్వాత వాకర్, చేతికర్ర: ఎలా వాడాలి, ఎప్పుడు వదలాలి

[తెర మీద: మంచం అంచున కూర్చున్న పెద్దావిడ, ఎదురుగా వాకర్]

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన రోజే, లేదా మర్నాడు, చాలామందిని లేపి వాకర్‌తో నడిపిస్తారు. ఆ క్షణం నుంచి ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: "ఇదెప్పుడు వదిలేయొచ్చు?" దానికి జవాబు చెబుతాను. కానీ ముందు వాకర్ అసలెందుకో చూద్దాం.

చాలామందిలో కొత్త కీలు మొదటి రోజు నుంచే బరువు మోయగలదు. వెనకబడేది తొడ ముందు భాగంలోని కండరం. ఆపరేషన్ వల్ల, వాపు, నొప్పి వల్ల అది బాగా నీరసించిపోతుంది. దాంతో నిలబడ్డ మనిషికి మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోవచ్చు. నొప్పి తెలియకుండా నరానికి మత్తు ఇచ్చి ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి మొదట్లో పక్కన మనిషి లేకుండా లేవకండి. కాలి మీద ఎంత బరువు వేయాలన్నది మీ సర్జన్ చెప్పినట్టే.

[తెర మీద: వాకర్ పిడి, మణికట్టు దగ్గరగా]

చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడండి. చేతులు వదులుగా కిందికి వేలాడదీస్తే వాకర్ పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. పిడి మరీ కిందికుంటే నడుం వంగిపోతుంది, మరీ పైకుంటే భుజాలు పట్టేస్తాయి.

నడక వరుస ఇది: వాకర్ ముందుకు, ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. మడమ ముందు ఆనాలి, తర్వాత పాదం. చూపు నేల మీద కాదు, ఎదురుగా. తిరగాలంటే ఆ మోకాలి మీద మెలి తిరగకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగండి.

[తెర మీద: చేతులున్న కుర్చీలోంచి లేవడం]

కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాక్కుంటూ లేస్తారు చాలామంది. అది మీ మీదికే ఒరిగిపోతుంది. కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచి, నిలదొక్కుకున్నాకే వాకర్ పట్టుకోండి. చేతిలో గ్లాసు, ఫోన్ పెట్టుకుని నడవొద్దు. వాకర్‌కి చిన్న సంచీ తగిలిస్తే సరిపోతుంది. నేల మీద జారే పట్టాలు, వైర్లు తీసేయించండి. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు ఉంచండి. కర్ర, వాకర్ కాళ్లకుండే రబ్బరు బిరడాలు అరిగితే వెంటనే మార్చాలి. తడి నేల మీద అరిగిన రబ్బరు ఇట్టే జారిపోతుంది.

[తెర మీద: రెండు బొమ్మలు, ఒకదాంట్లో కర్ర తప్పు చేతిలో, రెండోదాంట్లో సరైన చేతిలో]

ఇప్పుడు చేతికర్ర. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కుడి మోకాలికి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. వింతగా అనిపిస్తుంది గానీ, మామూలుగా నడిచేటప్పుడు చూడండి: కుడి కాలు ముందుకేస్తే ఎడమ చెయ్యి ముందుకొస్తుంది. కర్ర, ఆపరేషన్ అయిన కాలు కలిసి కదిలితే బరువు ఆ రెండింటి మధ్య పంచుకుంటుంది, నిలబడే ఆధారం కూడా వెడల్పవుతుంది. కర్రని నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే ఒళ్లంతా అటే ఒరుగుతుంది, కుంటుడు మొదలవుతుంది.

మెట్లకి ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకోండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, కర్ర. దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ కాలు ముందు, మంచి కాలు తర్వాత. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలిశాకే తర్వాతి మెట్టు.

చంక కర్రలు ఇచ్చి ఉంటే, బరువు చంకల మీద వేయకండి, నరాలు నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.

పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పండి. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

[తెర మీద: ఎదురుగా నడిచి వస్తున్న మనిషి]

సరే, ఎప్పుడు వదలాలి? చాలామంది కొన్ని వారాల్లో వాకర్ నుంచి కర్రకి, తర్వాత కర్ర లేకుండా నడకకి వస్తారు. రెండు మోకాళ్లకీ ఒకేసారి చేయించుకున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పక్కింటివాళ్లు ఎన్ని రోజుల్లో వదిలేశారన్న టెన్షన్ మనకొద్దు. నన్నడిగితే, కుంటకుండా నడవలేనంతకాలం కర్ర ఉండాల్సిందే. తొందరపడి వదిలేస్తే కాలు కుంటుడే అలవాటు చేసుకుంటుంది, తర్వాత అది మాన్పించడం చాలా కష్టం.

కర్ర తీసి చూసేది మీ ఫిజియోథెరపిస్ట్ సరేనన్నాకే. ముందు ఇంట్లో, చదునైన నేల మీద, పక్కన మనిషిని ఉంచుకుని. మీరు నడుస్తుంటే ఎదురు నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. భుజాలు పక్కకి ఊగుతున్నాయా? ఆపరేషన్ కాలి మీద తక్కువసేపు ఆగుతున్నారా? అయితే కర్ర మళ్లీ చేతిలోకి తీసుకోండి, ఆ వీడియోని తర్వాతి చెకప్‌లో ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.